పిల్ల చెప్పిన రహస్యం: దాచాలా, చెప్పాలా?

శ్రీకాకుళం జిల్లాలో అమ్మానాన్నలు చెన్నై, హైదరాబాద్ పనులకు వలసపోతే హాస్టలే ఇల్లయ్యే పిల్లలున్నారు. వాళ్లకు వార్డెనే పెద్ద దిక్కు. ఒక రాత్రి ఓ పిల్ల పక్కన కూర్చుని, "మేడమ్, ఎవరికీ చెప్పనని ఒట్టేయండి" అంటుంది. ఏం చేయాలి?

నమ్మకం: దాస్తే ఈ రోజుకు నిలుస్తుంది. చెబితే కొన్నాళ్లు మొహం చాటేస్తుంది.

శ్రమ: దాస్తే ఏమీ లేదు. చెబితే పోలీస్ స్టేషన్, ఫోన్లు, బంధువుల కోపం, బోలెడు టెన్షన్.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే 2012 నాటి పోక్సో చట్టం కింద 6 నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికైతే ఏడాది వరకు. జైలు సంగతి అటుంచండి, దాచిన ప్రతి రోజూ ఆ పిల్ల అదే మనిషి చేతికి చిక్కుతుంది. అయితే చెప్పడమంటే స్టాఫ్ రూమ్‌లో చర్చ పెట్టడం కాదు. పిల్ల పేరు మీడియాలో బయటపెట్టడం కూడా నేరమే.

ఇంటి మీద బెంగ, తక్కువ మార్కులు, ఎవరో నచ్చడం: ఇవి మీ దగ్గరే ఉంచండి. ఎవరైనా ముట్టుకున్నారన్నా, పద్దెనిమిది నిండకుండా పెళ్లి కుదిర్చారన్నా, చచ్చిపోవాలనుందన్నా ఆ రోజే చెప్పాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

ఒట్టు మాత్రం వేయకండి. "నీకు ప్రమాదమైతే సాయం చేసేవాళ్లకు చెబుతానమ్మా, ముందు నీకు చెప్పాకే" అనండి.