హంపీలో ఒక్క రోజు: ఏటి ఒడ్డు గుళ్లా, రాజుల కోట వైపా?

పొద్దున హోస్పేటలో రైలు దిగి రాత్రి రైలుకే తిరుగు ప్రయాణం పెట్టుకునేవాళ్లు చాలామంది. విజయనగర శిథిలాలేమో దాదాపు 40 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్నాయి. ఆటో అబ్బాయి అన్నీ చూపిస్తానంటాడు, చూపిస్తాడు కూడా. కాకపోతే ఒక్కోచోట పదేసి నిమిషాలే. దానికంటే ఏదో ఒక వైపు తేల్చుకుని నింపాదిగా తిరగడం నయం. ఒక వైపు తుంగభద్ర ఒడ్డున విరూపాక్షుడి గుడి, విఠలాలయం. దక్షిణంగా మూడు నాలుగు కిలోమీటర్లు వెళితే రాజులు కాపురమున్న కోట ప్రాంతం.

ఏటి ఒడ్డుకే జనం ఎక్కువ. యాభై రూపాయల నోటు మీద ఉన్న రాతి రథం విఠలాలయంలోనే ఉంది మరి. ఏకశిలా రథం అంటారు గానీ, దగ్గరికెళితే రాళ్ల అతుకులు తెలుస్తాయి. నిజానికది గరుడుడికి కట్టిన గుడి. 1856లో తీసిన ఫొటోలో దాని మీద ఇటుక గోపురం కూడా కనిపిస్తుంది, ఇప్పుడది లేదు. సంగీత స్తంభాల మీద ఆశ పెట్టుకోకండి, తట్టి చూడనివ్వరు. గేటు దగ్గర నుంచి గుడి దాకా బ్యాటరీ బండ్లు నడుస్తాయి. సెలవు రోజుల్లో వాటి క్యూలోనే బోలెడు సమయం పోతుంది.

విరూపాక్షాలయం సంగతి వేరు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత నగరం పాడుబడినా అక్కడ పూజలు ఇప్పటికీ జరుగుతున్నాయి. శ్రీకృష్ణదేవరాయలు తన పట్టాభిషేకం గుర్తుగా 1510లో కట్టించిన రంగమండపం అందులోనే ఉంది. గుడి వెనక చీకటి గదిలో, చిన్న సందులోంచి పడే వెలుతురుకి రాజగోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది. పిల్లలుంటే అది తప్పక చూపించాలి.

అయినా నన్నడిగితే రాజుల కోట వైపే వెళ్లమంటాను. గొప్ప గుళ్లు దక్షిణాదిలో ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. ఒక రాజధాని ఎలా నడిచిందో కాళ్లకింద కనిపించే చోటు మాత్రం అరుదు. హజారరామాలయం ప్రహరీ గోడ బయటి వైపు చూడండి: ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యం చేసే ఆడవాళ్లు వరుసలు వరుసలుగా సాగిపోతుంటారు. లోపల గుడి గోడల మీద రామాయణం బొమ్మల్లో నడుస్తుంది. కథ తెలిసినవాళ్లం కాబట్టి మనకు గైడ్ అక్కర్లేదు.

అక్కడికి దగ్గర్లోనే మహానవమి దిబ్బ. నవరాత్రి ఉత్సవాలకు రాజు కూర్చున్న ఎత్తైన రాతి వేదిక ఇది. రాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆ వేడుకల్ని కళ్లారా చూసి రాసిపెట్టాడు. పైకి ఎక్కే హడావుడిలో దిబ్బ పక్క గోడల్ని వదిలేయకండి. వేట దృశ్యాలు, టోపీలు పెట్టుకున్న విదేశీయులు అక్కడే ఉన్నారు. పక్కన సభా మండపానిది పునాది ఒక్కటే మిగిలింది, నూరు స్తంభాలు నిలిపిన గుర్తులతో. ఇదే రాయల సభ భువనవిజయం అని తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చూపించే గైడ్లుంటారు. వినడానికి బాగుంటుంది, రూఢి అనుకోకండి.

నాకు అన్నిటికంటే నచ్చేది మెట్ల కోనేరు. 1980లలో తవ్వకాల్లో బయటపడింది. నల్లరాతి దిమ్మల్ని ఎక్కడివక్కడ అమర్చడానికి ఆనాటి పనివాళ్లు చెక్కుకున్న గుర్తులు ఇంకా కనిపిస్తాయి. రాతి స్తంభాల మీద నిలబెట్టిన రాతి కాలువ గుండా నీళ్లు వచ్చేవి. ఇంత ఎండలో, ఇన్ని బండల మధ్య అంత పెద్ద ఊరు ఎలా బతికిందో ఆ కాలువ చూస్తే అర్థమవుతుంది. ఇక కమలమహలు, 11 గదుల ఏనుగులశాల ఫొటోలకు బాగుంటాయి, అరగంట చాలు. రాణుల స్నానశాల బయటికి సాదాగా ఉన్నా లోపలి వసారాలు అందంగా ఉంటాయి.

ఇటు వైపున్న లోటు నీడ. దిబ్బ, కోనేరు చుట్టూ చెట్టన్నది తక్కువ. మార్చి నుంచి మే దాకా అయితే పది గంటల లోపే వాటిని ముగించి, మధ్యాహ్నానికి కమలాపురం మ్యూజియంలోకి వెళ్లిపోవాలి. అక్కడ హంపీ మొత్తాన్నీ కొండలతో సహా నమూనాగా పేర్చి పెట్టారు. శుక్రవారం సెలవు.

పెద్దవాళ్లతో, దర్శనం కోసం వెళ్లేవాళ్లకు మాత్రం నా మాట వర్తించదు. వాళ్లకు విరూపాక్షుడే ముందు, మిగతావి వీలుంటేనే. వయసులో ఉండి నడిచే ఓపికుంటే, పగలంతా కోట వైపు తిరిగి, ఎండ తగ్గాక విఠలాలయానికి వెళ్లొచ్చు. కమలమహలు దగ్గర కొన్న టికెట్టే ఆ రోజుకి అక్కడా చెల్లుతుంది, పారేయకండి. ఏరు దాటి ఆనెగొంది ఊరు, అంజనాద్రి కొండ కూడా చూడాలంటే ఆ రాత్రికి రైలు టికెట్ తీసుకోకపోవడమే మంచిది.