గిటార్ సాధనకు స్కేళ్లా, బ్యాలడ్ సోలోనా?

అమలాపురంలో మా డాబా మీద ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్న మొదటి ఆరు నెలలు స్కేళ్లే (స్వరాలను వరుసగా ఎక్కుతూ దిగుతూ చేసే సాధన) వాయించాను. వేళ్లకు వేగం వచ్చింది, టిక్ టిక్‌మని లయ చూపే మెట్రోనోమ్‌తో తాళం కుదిరింది. అంతవరకు స్కేళ్లకు తిరుగులేదు. కానీ స్వరం పలికేది కాదు.

పలికించడం నేర్పింది ఒక రాక్ పవర్ బ్యాలడ్ (నెమ్మదిగా, ఉద్వేగంగా సాగే రాక్ పాట) సోలో, అంటే అందులో గిటార్ ముందుండి వాయించే భాగం. పాట నెమ్మది కాబట్టి ఒక్కో స్వరం చాలాసేపు నిలబడాలి, తప్పు దాక్కోవడానికి చోటుండదు. మూడో తీగను 7వ ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర ఉంగరపు వేలితో నొక్కి, వెనక మరో రెండు వేళ్లు ఆనించి పైకి తోస్తే 9వ ఫ్రెట్ స్వరం సరిగ్గా రావాలి. ముందు 9వ ఫ్రెట్ మీటి వినండి, ఆ స్వరం చెవిలో ఉండగానే 7వ ఫ్రెట్ దగ్గర తీగను తోసి బెండ్ చేయండి. వీణ మీద తీగ లాగి గమకం పలికించడం చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. వైబ్రాటో (నిలబడ్డ స్వరాన్ని సన్నగా ఊపడం) మాత్రం ఒట్టి వేలితో రాదు, మణికట్టు కదలాలి. నాకు అది కుదరడానికి ఒక వర్షాకాలం మొత్తం పట్టింది.

రోజుకు 10 నిమిషాలు స్కేళ్లకు చాలు, మిగతాదంతా బ్యాలడ్‌కే ఇవ్వండి. అన్నట్టు, మన కోనసీమ తేమకు తీగలు త్వరగా తుప్పు పడతాయి, బెండ్ చేస్తుంటే వేలికి గరగరలాడతాయి. వాయించాక పొడి గుడ్డతో తుడిచి పెట్టండి.