కొట్టిన చెయ్యే కానుకలిస్తుంటే: ‘ది అసాసిన్స్ బ్లేడ్’ చదివాక మా ఆరుగురి గొడవ

మేం ఆరుగురం నెలకో పుస్తకం చదివి, ఒక ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో కూర్చుని మాట్లాడుకుంటాం. మామూలుగా గంటన్నరలో టీ, పకోడీలతో పాటు కబుర్లూ అయిపోతాయి. ఈసారి రాత్రి పదిన్నర దాటినా ఎవరూ లేవలేదు. కారణం సారా జె. మాస్ రాసిన ‘ది అసాసిన్స్ బ్లేడ్’. 2014లో బ్లూమ్స్‌బరీ వేసిన పుస్తకం, అందులో ఐదు పెద్ద కథలు. వాటిలో నాలుగు 2012లోనే, అసలు సిరీస్ ‘థ్రోన్ ఆఫ్ గ్లాస్’ మొదటి నవల రాకముందే, ఈబుక్స్‌గా వచ్చాయి. మిగిలిన ఒక్కటి, వరసలో రెండో కథ, ఈ సంపుటి కోసం చేర్చారు. అన్నిట్లోనూ కథానాయిక ఒక్కతే. పేరు సెలీనా, వయసు పదహారు. డబ్బు తీసుకుని మనుషుల్ని చంపడం ఆమె వృత్తి.

కొనాలా వద్దా అంటే, కొనండి. ఫాంటసీ అలవాటు లేనివాళ్లు కూడా చదవగలరు. ఇంగ్లిష్ తేలిక, మొదట్లో మ్యాప్ ఉంది, ఊళ్ల పేర్లు రెండో కథకల్లా అలవాటైపోతాయి. నాకు ఆన్‌లైన్‌లో వచ్చిన కాపీకి అట్ట మూల మడతపడి ఉంది, ప్యాకింగ్ పలచటి కవరు మాత్రమే, మార్చమని అడిగితే వారం తిప్పారు. వీలైతే షాపులో చేత్తో చూసి కొనుక్కోండి.

ఇక గొడవ సంగతి. మేం కొట్టుకున్నది హంతకురాలి గురించి కాదు, ఆమెను పెంచిన ఆరోబిన్ గురించి. ఎనిమిదేళ్ల పిల్లగా ఏటి ఒడ్డున చావుబతుకుల్లో దొరికితే తెచ్చి, తిండి పెట్టి, కత్తి పట్టడం నేర్పి, తను నడిపే గిల్డ్‌లో, అంటే హంతకుల సంఘంలో, అందరికన్నా గొప్పదాన్ని చేశాడు. పట్టుబట్టలు, పుస్తకాలు, పియానో, ఏది అడిగినా ఉంది. మొదటి కథలో సముద్రపు దొంగల రేవుకి ఏదో బాకీ వసూలు పని మీద పంపిస్తాడు. తీరా వెళ్లాక తెలుస్తుంది, అక్కడ జరగబోయేది బానిసల బేరం అని. సెలీనా, తోటి హంతకుడు సామ్ కలిసి దాదాపు 200 మందిని విడిపిస్తారు. ఇంటికొచ్చాక ఆరోబిన్ ఆ పిల్లని స్పృహ తప్పేదాకా కొడతాడు. ఆ తర్వాత ఖరీదైన కానుకలు ఇస్తాడు.

మాలో ఒకరు, కాలేజీలో చదివే అమ్మాయి, "అక్కా, ఎంతైనా పెంచాడు కదా, కోపంలో చేశాడు, తర్వాత బాధపడ్డాడు" అంది. అంతే, పక్కనున్న పెద్దావిడ కప్పు కింద పెట్టేసి, "రాత్రి కొట్టి పొద్దున చీర తెచ్చే మొగుణ్ణి చూశావా ఎప్పుడైనా? నేను చూశాను" అన్నారు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. నేను ఈ పుస్తకాన్ని అప్పటిదాకా సాహసకథలాగే చదివాను. కత్తులు, ముసుగులు, మేడల మీద దూకడాలు, అవే గుర్తున్నాయి. ఆ మాట విన్నాక ఇంటికెళ్లి మళ్లీ మొదటినుంచి చదివితే ప్రతి కానుక దగ్గరా ఆగాల్సి వచ్చింది. రచయిత్రి ఎక్కడా ఇది దౌర్జన్యం అని వేలుపెట్టి చూపించదు. సెలీనా కళ్లతోనే చూపిస్తుంది. ఆ పిల్లకి ఆ మనిషంటే అసహ్యం, భయం, అయినా అతను మెచ్చుకుంటే చాలు అనిపించడం, ఈ మూడూ ఒకే పేజీలో ఉంటాయి. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇంకో విషయం నాకు రెండోసారి చదివినప్పుడే తట్టింది. గిల్డ్‌లో పెరిగిన పిల్లల తిండి, బట్ట, శిక్షణ ఖర్చు మొత్తం అప్పు కింద రాసిపెడతారు. అది తీరేదాకా యజమాని చెప్పిన పని చేయాల్సిందే. మన దగ్గర తాతలు చెప్పిన వెట్టిచాకిరీ కథల్లోనూ ఇదే లెక్క కదా. రెండు వందల మంది సంకెళ్లు తెంచిన పిల్ల కూడా అప్పు సంకెలలోనే ఉంది, ఆమెకు పట్టు దుస్తులు ఉండడం వల్ల మనకి కనపడదు.

ఇక్కడినుంచి కథ ముందే తెలియకూడదు అనుకునేవాళ్లు ఈ పేరా, తర్వాతి పేరా దాటేయండి. నాలుగో కథలో ఒక వ్యాపారిని చంపే పని వస్తుంది. వాడు బానిసల వ్యాపారం చేసే దుర్మార్గుడని చెప్తారు, సెలీనా సంతోషంగా ఒప్పుకుంటుంది, చంపుతుంది. ఆ తర్వాత తెలుస్తుంది, అతను బానిసలు తప్పించుకోవడానికి సాయపడుతున్న మనిషని. ఆరోబిన్‌కి ఇది ముందే తెలుసు. మా ఆరుగురిలో తెలుగు టీచరుగా పనిచేసే ఒకాయన ఇక్కడ ముద్రారాక్షసం అనే సంస్కృత నాటకంలోని విషకన్యను, అంటే దగ్గరికి వచ్చినవాణ్ణి తన విషంతో చంపే అమ్మాయిని, గుర్తుచేశారు. నందుల మంత్రి, పేరే రాక్షసుడు, చంద్రగుప్తుడి మీదకి పంపితే, చాణక్యుడు ఆమెను పర్వతకుడు అనే రాజు వైపు మళ్లిస్తాడు. ఆ పిల్ల ఎవరు, ఏమనుకుంది అని అక్కడ ఎవరూ అడగరు, ఇద్దరు మంత్రుల ఎత్తుల మధ్య ఆమె ఒక ఆయుధం, అంతే. ఈ కథలో అదే ఆయుధానికి నోరుంది, తను చంపింది ఎవరినో తెలిశాక ఆ రాత్రి ఎలా గడిచిందో మనం పక్కనుండి చూస్తాం. ఆయన ఈ పోలిక తేకపోతే నేను ఆ కథని మామూలు మలుపు అనుకుని వదిలేసేదాన్ని.

చివరి కథ గురించి ఎక్కువ రాయలేను. సామ్ చనిపోతాడు. సెలీనా పట్టుబడి ఎండోవియర్ ఉప్పు గనులకి పోతుంది. దీని వెనక ఎవరి చెయ్యి ఉందో పాఠకుడికి తెలుస్తుంది గానీ ఆమెకి అప్పటికి తెలియదు. మెట్రోలో చదువుతూ కళ్లు తుడుచుకున్నాను, ఎదురుగా కూర్చున్నావిడ నీళ్ల బాటిల్ ఇచ్చారు.

నచ్చనివి కూడా చెప్పాలి. మొదటి కథ నత్తనడక, సగం దాకా సెలీనా గొప్పలు, బట్టల వర్ణనలు. పేరుమోసిన హంతకురాలు అంటారు గానీ ఆమె పనితనం మనకు కనపడేది తక్కువ, అందుకే మాలో ఇద్దరికి ఆ పేరు ఎలా వచ్చిందో నమ్మకం కుదర్లేదు. మూడో కథలో ఎడారి, మాట్లాడని గురువు, ఆన్సెల్ అనే స్నేహితురాలి ద్రోహం, ఇవన్నీ బాగున్నా మధ్యలో సాగదీశారు. కానీ ఆ ముగింపు మాత్రం నాకు చాలా ఇష్టం. బాణం అందనంత దూరం పారిపోవడానికి ఆన్సెల్‌కి సెలీనా ఇరవై నిమిషాలు గడువిస్తుంది, గడువు అయ్యాక ఇంకో నిమిషం ఆగి అప్పుడు బాణం వదులుతుంది. ఆ ఒక్క నిమిషం మీద మేం అరగంట మాట్లాడుకున్నాం.

రెండో కథ అన్నిటికన్నా చిన్నది. రేవు ఊళ్లో ఓ పేద సత్రం, అక్కడ పనిచేసే యిరీన్ అనే అమ్మాయి వైద్యం చదవాలని పైసా పైసా కూడబెడుతుంటుంది. ఒంటినిండా దెబ్బలతో వచ్చిన సెలీనా ఆ అమ్మాయికి తనను తాను కాపాడుకోవడం నేర్పి, చదువుకి సరిపడా బంగారం వదిలి, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోతుంది. మాలో నర్సుగా చేసే ఆవిడ ఇది నాలుగుసార్లు చదివారట. ఆమెకి నచ్చింది బంగారం కాదు, అంత రాటుదేలిన పిల్ల గాయానికి వైద్యం చేయించుకోవడానికి చెయ్యి చాచి కూర్చోవడం. "నొప్పి ఒప్పుకునే పేషెంటు బతుకుతాడు" అన్నారు. ఈ యిరీన్ తర్వాత 2017లో వచ్చిన ‘టవర్ ఆఫ్ డాన్’లో ముఖ్యపాత్ర అవుతుంది.

ఏది ముందు చదవాలి అని చాలామంది అడుగుతున్నారు. ఈ సంపుటితో కలిపి మొత్తం ఎనిమిది పుస్తకాలు. నవలలతో మొదలుపెడితే సామ్ లేడని ముందే తెలిసిపోతుంది, ఇక్కడ అతను నవ్విన ప్రతిసారీ దిగులేస్తుంది, అదీ ఒక అనుభవమే అని మాలో ఇద్దరు గట్టిగా వాదించారు. నేను మాత్రం దీనితోనే మొదలుపెట్టమంటాను. ఆ పిల్ల పోగొట్టుకున్నది ఆమెతో పాటే మనమూ పోగొట్టుకోవాలి.

పిల్లలకి కొనేవాళ్లకు ఒక మాట. సందులో ఆడపిల్ల మీద దాడి, చివర్లో చిత్రహింసలు ఉన్నాయి. పదో తరగతి దాటినవాళ్లకైతే పర్వాలేదు, చదివాక పక్కన కూర్చుని ఆరోబిన్ గురించి తప్పకుండా అడగండి. మా కాలేజీ అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "అక్కా, ఆ కానుకల పేజీలు మళ్లీ చదివాను" అంది. వచ్చే ఆదివారం వాళ్లింట్లోనే కలుస్తున్నాం.