కథ పూర్తయింది: దాచాలా, చూపించాలా, పంపాలా?

కథ రాస్తున్నంతసేపు లేని టెన్షన్ చివరి వాక్యానికి చుక్క పెట్టగానే మొదలవుతుంది. ఇది నిజంగా అయిపోయిందా, నాకే అలా అనిపిస్తోందా? ఈ ప్రశ్న దగ్గర తెలుగులో కథలు రాసేవాళ్లు నాలుగు దారుల్లో ఏదో ఒకటి పడతారు. కొందరు రాసిన రాత్రే ఫేస్‌బుక్‌లోనో, ఆన్‌లైన్ కథల వేదిక ప్రతిలిపిలోనో పెట్టేస్తారు. కొందరు ఫైలు మూసి కొన్నాళ్లు పక్కన పడేస్తారు. ఇంకొందరు తెలిసినవాళ్లకు చూపిస్తారు. మిగతావాళ్లు పత్రికకు పంపేసి, బాగుందో లేదో ఎడిటరే తేలుస్తాడు లెమ్మంటారు. వీటిలో ఏది మేలో తేల్చాలంటే ముందు మనల్ని పీకుతున్న అనుమానం ఏ రకమో చూసుకోవాలి.

"మూడో పేజీలో మామగారు పొలం అమ్మడానికి అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడు?" అన్నది ఒక రకం. ఇది కథలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. "అసలు నాకు రాయడం వచ్చా?" అన్నది ఇంకో రకం. దీనికి పేజీ నంబరు ఉండదు. మొదటి రకం ఒక్కటి మిగిలినా కథ గడప దాటకూడదు. రెండో రకం తీరేదాకా ఆగుదామనుకుంటే మాత్రం ఆ కథ ఎప్పటికీ గడప దాటదు. కాళిదాసు శాకుంతలం మొదట్లో నాటకం ఆడించే సూత్రధారుడికే ఇది తప్పలేదు. పండితులు మెచ్చేదాకా తన ప్రయోగం బాగుందని అనుకోనంటాడు, ఎంత బాగా నేర్చినవాళ్లకైనా తమ మీద తమకు నమ్మకం చాలదంటాడు. అలా అన్నాక కూడా నాటకం ఆడారు కదా!

ముందు ఫేస్‌బుక్ సంగతి. గంటలో యాభై లైకులు వస్తాయి. బాబాయి "సూపర్ రా" అంటాడు, చిన్నప్పటి స్నేహితుడు చేతులు జోడించిన బొమ్మ పెడతాడు. మామగారి పొలం గురించి ఒక్కరూ అడగరు. ఇది రెండో రకం అనుమానానికి ఒక పూట ఉపశమనం, మొదటి రకానికి ఏ మాత్రం పనికిరాదు. పైగా దీని ఖరీదు చాలామందికి తర్వాత గాని తెలియదు. మన పత్రికలు కథతో పాటు హామీపత్రం అడుగుతాయి: సొంత కథ అని, అనువాదమో అనుకరణో కాదని, ఇంతకుముందు ఎక్కడా రాలేదని, వేరేచోట పరిశీలనలో లేదని. ఆ 'ఎక్కడా'లో సోషల్ మీడియాను కూడా కలిపి చెప్పే పత్రికలు, పోటీలు చాలానే ఉన్నాయి. అంటే రాత్రి పదకొండుకు తొందరపడి పెట్టిన పోస్టుతో ఆ కథకు ఆ తలుపులు మూసుకుపోయినట్టే.

ప్రతిలిపిని మాత్రం అదే గాటన కట్టలేను. 2014లో మొదలైన ఆ వేదిక మీద చదివేవాళ్లు ఎక్కువగా మనకు ముఖపరిచయం లేనివాళ్లు. సీరియల్ రాసేవాళ్లకు ఏ భాగం దగ్గర జనం జారిపోతున్నారో అక్కడ ఇట్టే తెలిసిపోతుంది. నవల భాగాలుగా రాసేవాళ్లకు మంచి బడి. పది పేజీల కథకు మాత్రం ఆ వేగం సరిపడదు.

ఇక పక్కన పెట్టడం. ఈ దారికి మర్యాద ఎక్కువ. తొందర లేని రచయిత అనిపించుకోవచ్చు. నిజంగా లాభమూ ఉంది. రెండు మూడు వారాలు ఆ ఫైలు తెరవకుండా ఉంటే, తర్వాత చదివేటప్పుడు ఎవరో రాసింది చదువుతున్నట్టు ఉంటుంది. మనసులోనే ఉండిపోయి కాగితం మీదికి రానివి అప్పుడు బయటపడతాయి. మామగారికి అప్పులున్నాయని మనకు తెలుసు, కథలో ఎక్కడా రాయలేదు. ఇలాంటివి పట్టుకోవడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు.

మూడు వారాలు మూడేళ్లు అయితేనే చిక్కు. 2020లో లాక్‌డౌన్ మీద కథలు వెల్లువలా వచ్చాయి. అప్పుడు రాసి దాచుకున్నవాళ్లు ఇప్పుడు పంపాలంటే, ఆ కథ ఆనాటి భయాన్ని మాత్రమే చెబుతోందా, ఈనాటి పాఠకుడికీ ఏమన్నా ఇస్తోందా అని మళ్లీ తూచుకోవాలి. కథ నిలిచే ఉంటుంది గానీ రాసిన మనిషి మారిపోతాడు. పాత కథను కొత్త మనిషి దిద్దితే రెండు కథల అతుకు కనిపిస్తుంది.

ఆలస్యాన్ని సమర్థించుకోవడానికి శ్రీశ్రీని సాక్షిగా పిలిచేవాళ్లుంటారు. మహాప్రస్థానానికి చలం 'యోగ్యతాపత్రం' అని ముందుమాట రాసింది 1940లో, అది పుస్తకంగా వచ్చింది 1950లో, చూశారా పదేళ్లు ఆగాడు అని. ఆగింది పుస్తకమే, కవితలు కాదు. అవి అప్పటికే పత్రికల్లో వచ్చాయి, సభల్లో వినిపించాయి, కుర్రకారు నోళ్లలో నానాయి. కంప్యూటర్లో 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే ఫైనల్' అని పేర్లు పెట్టుకున్న ఫైళ్లకు ఆ పోలిక పనికిరాదు.

నలుగురిలో ఒకరికి చూపించడం మన భాషలో కొత్తేమీ కాదు. నన్నయే తన భారత రచనలో నారాయణభట్టు తోడ్పడ్డాడని, అది యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడున్నట్టు జరిగిందని చెప్పుకున్నాడు. ఆదికవికే తోడు అవసరమైనప్పుడు మనకెందుకు మొహమాటం? ఎవరికి చూపిస్తాం, ఏం అడుగుతాం అన్న రెండింటి మీదే ఇది ఆధారపడుతుంది. "బాగుందా?" అని అడిగితే "బాగుంది" అనే అంటారు. తెలుగిళ్లల్లో మొహం మీద బాగోలేదనడం వంట విషయంలోనే కుదరదు, ఇక కథ విషయంలోనా! అందుకే ఎక్కడ బోర్ కొట్టింది, ఎవరి మాట నమ్మబుద్ధి కాలేదు, చివర్లో ఏం జరిగిందని అర్థమైంది అని అడగాలి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు విని ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి.

యాస సంగతి ప్రత్యేకం. గుంటూరులో పెరిగిన రచయిత కరీంనగర్ ముసలమ్మ చేత మాట్లాడిస్తే, ఆ సంభాషణలు అక్కడి మనిషి చెవిన పడాల్సిందే. అటునుంచి ఇటైనా అంతే. 'గిట్ల', 'గట్ల' చల్లినంత మాత్రాన తెలంగాణ మాట కాదు. 'అండీ' తగిలిస్తే గోదావరి మాటా కాదు. ఇది ఎంత కాలం పక్కన పెట్టినా మనంతట మనకు తెలిసే తప్పు కాదు. కథను పైకి చదివి వినిపిస్తే ఇంకా మేలు. పుస్తక భాషలో ఇరుక్కున్న సంభాషణ దగ్గర చదివేవాడి నాలుకే తడబడుతుంది.

అయితే ఐదారుగురికి చూపించి, ఐదారు సలహాలూ కథలో దూర్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఒకరు చాలు. మరీ పట్టుదలైతే ఇద్దరు. ఇద్దరూ ఒకేచోట ఆగితే అక్కడ తప్పు ఉన్నట్టే. వాళ్లు సూచించిన మందు తప్పు కావచ్చు, నొప్పి మాత్రం నిజం.

నేరుగా పత్రికకు పంపడంలో ఉన్న సుఖం ఏమిటంటే మన చేతిలో ఇక ఏమీ ఉండదు. కష్టం కూడా అదే. చాలాచోట్ల నెలల తరబడి జవాబు రాదు. ఆ మౌనాన్ని తీర్పు అనుకుని కుంగిపోయేవాళ్లు ఎందరో. ఆదివారం అనుబంధాల్లో కథకు ఇన్ని పేజీలని కొలత ఉంటుంది. మంచి కథే అయినా నిడివి దాటితే పక్కకు పోతుంది. అచ్చు పత్రికలూ తగ్గిపోయాయి. విపుల, చతుర 2021లో ఆగిపోవడంతో కథలకూ నవలలకూ ఉన్న రెండు పెద్ద చోట్లు పోయాయి. అభిప్రాయం కావాలనుకుంటే 1998 నుంచి నడుస్తున్న వెబ్ పత్రిక ఈమాట వైపు చూడొచ్చు. అక్కడ రచనలు సమీక్షకుల ముందుకు వెళతాయి. ఉగాది, సంక్రాంతి పోటీల గడువులకు మరో ఉపయోగం ఉంది: అతిగా సందేహించేవాణ్ని అవి బలవంతంగా లేపుతాయి. సందేహమే లేనివాడి చేత మాత్రం సగం ఉడికిన కథ పంపిస్తాయి.

అచ్చయ్యాక ఇక దిద్దుకోలేం, తెలుగు కథల్ని సేకరించి దాచే శ్రీకాకుళం కథానిలయానికి చేరి శాశ్వతంగా మన తప్పు చూపిస్తుందనే భయం ఒకటి ఉంటుంది. దీనికి కన్యాశుల్కం కన్నా పెద్ద జవాబు లేదు. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో పుస్తకంగా వచ్చింది. అక్కడితో గురజాడ ఊరుకోలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఐదంకాలు ఏడంకాలయ్యాయి, మధురవాణి పూర్తి మనిషిగా ఎదిగింది. మనం ఇవాళ చదివేదీ, గిరీశం మాటలు చెప్పుకునేదీ ఈ కూర్పులోవే. జనం ముందుకు వెళ్లిన నాటకాన్ని ఆయన తిరగరాశాడు, సొరుగులో ఉన్నదాన్ని కాదు. మన కథలకు ఆ స్థాయి రెండో కూర్పు రాకపోవచ్చు. కానీ వారపత్రికలో వచ్చిన కథను సంపుటిలో వేసేటప్పుడు దిద్దుకోవడానికి ఎవరూ అడ్డురారు.

కాబట్టి పది పేజీల కథ వరకూ నా ఓటు ఇలా ఉంటుంది: మూడు వారాలు పక్కన, తర్వాత ఒక్క మనిషికి చదివి వినిపించడం, వేలు పెట్టి చూపించగల లోపాలన్నీ దిద్దగానే పత్రికకు. ఫేస్‌బుక్ చివర్లో, అచ్చయిన పేజీ ఫొటోతో. కవితకు ఇంత తతంగం అక్కర్లేదు, వారం చాలు. సొంత డబ్బుతో సంపుటి వేసుకోవడానికి మాత్రం ఈ లెక్క చాలదు. అక్కడ తొందర పడితే 500 కాపీల్లో నాలుగొందలు మంచం కింద చేరతాయి. అందులో సగం కథలైనా ముందు ఏదో ఒక పత్రికలో, ముక్కూమొహం తెలియని పాఠకుల కంట పడి ఉంటే తప్ప ప్రెస్సుకు అడ్వాన్సు ఇవ్వొద్దంటాను.