మూడేళ్లు మింగాక సీసా వెనక్కి తిప్పాను

నా కోపమంతా ఒక్క అంకె మీదే. చేపనూనె సీసా ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే 1000 మిల్లీగ్రాములు.

రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు 290 ఉందని మూడేళ్ల కిందట రోజుకొక క్యాప్సూల్ మొదలుపెట్టాను. ఆర్నెల్లకు 210 అయ్యేసరికి వీధంతా చాటాను. అదే ఆర్నెల్లలో సాయంత్రం బజ్జీలు, రాత్రి అన్నం మానేసిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. శనివారం గుడ్డు కూడా ముట్టని ఇంట్లో చేపనూనె ఏందని మా ఆవిడ గొడవ చేస్తే ఆ రోజు సెలవిచ్చాను.

మొన్న అలిపిరి మెట్లెక్కుతున్నాం. గోవిందా అని నోరు తెరిస్తే చేప తేన్పు! పక్కవాళ్లకు తెలియకుండా నోరు మూసుకుని ఎక్కుతుంటే, గాలిగోపురం దగ్గర గుండె దడదడమంది. లయ తప్పి కొట్టుకుంటోంది. కూర్చుంటే పది నిమిషాలకు సర్దుకుంది.

మరునాడు ఈసీజీ మామూలుగానే వచ్చింది. ఒకరోజంతా ఛాతీకి మిషన్ కట్టినా ఏమీ దొరకలేదు. డాక్టరమ్మ నేను వాడేవన్నీ చూపించమంది. సీసా తీస్తే వెనక్కి తిప్పి చదివింది: ఈపీఏ 180, డీహెచ్ఏ 120. చేపనూనెలో అసలు సరుకైన ఒమేగా-3 కొవ్వులు ఈ రెండే. మూడేళ్లుగా వెయ్యి అనుకుని మింగింది 300 అన్నమాట! మిగతాది వేరే కొవ్వు.

2018లో వచ్చిన రెడ్యూస్-ఇట్ పరిశోధనలో గుండెపోటు వంటివి 25 శాతం తగ్గింది రోజుకు 4 గ్రాముల శుద్ధి చేసిన ఈపీఏతోనట. అది డాక్టర్ రాసిచ్చే మందు. పోల్చడానికి రెండో జట్టుకిచ్చిన మినరల్ ఆయిల్ మీద ఇప్పటికీ వాదనలున్నాయి. ఆ మందు వాడినవాళ్లలోనే గుండె లయ తప్పి ఆస్పత్రిలో చేరినవాళ్లు 3.1 శాతం, వాడనివాళ్లలో 2.1. ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 4 గ్రాములిచ్చిన మరో పరిశోధన స్ట్రెంగ్త్‌లో లాభం లేదు గానీ లయ తప్పడం మాత్రం పెరిగింది. నా సీసాతో 4 గ్రాములు కావాలంటే రోజుకు పదమూడుకు పైనే మింగాలి. నేనేమో రెండుకి పెంచుదామని చూస్తున్నవాణ్ణి.

నా దడ మాత్రదో, మెట్లదో, యాభై ఆరేళ్ల వయసుదో ఆమె కూడా తేల్చలేదు. ఇంత చిన్న మోతాదు మీద నేరం మోపలేనంది. నేనైతే ఆపేశాను. డాక్టర్ రాసిచ్చి వాడుతున్నవాళ్లు నన్ను చూసి మానకండి, వాళ్ల లెక్క వేరు.

వచ్చే నెల మళ్లీ రక్తపరీక్ష. మాత్ర లేకుండా అంకె ఎంతొస్తుందో చూడాలి, ఈలోగా బజ్జీల జోలికి పోకుండా ఉంటే.