ఓడ ముందు కొయ్యబొమ్మ, పడవలో మనిషి

లండన్‌లోని గ్రీనిచ్‌లో ఉన్న కట్టీ సార్క్ అనే తెరచాప ఓడ 1869లో నీళ్లలోకి దిగింది. దాని ముందు భాగాన తెల్లటి బొమ్మ: రాబర్ట్ బర్న్స్ కవితలోని మంత్రగత్తె నానీ. చాచిన చేతిలో, పారిపోతున్న గుర్రాన్ని తరిమి అందుకున్న తోక. చూడగానే వేగం గుర్తొస్తుంది. కానీ ఓడ నడిపినవాళ్ల సంగతి ఆ బొమ్మ చెప్పదు.

సముద్రం మీద పనిచేసేవాళ్ల కష్టం తెలియాలంటే బోస్టన్ మ్యూజియంలోని అమెరికా చిత్రకారుడు విన్‌స్లో హోమర్ చిత్రం, 1885 నాటి ‘ద ఫాగ్ వార్నింగ్’ (పొగమంచు హెచ్చరిక) చూడాలి. చిన్న పడవ, అందులో పెద్ద పెద్ద హాలిబట్ చేపలు. అల మీద పడవ ముక్కు పైకి లేచింది. తెడ్లు పట్టుకున్న జాలరి తల తిప్పి, దూరంగా ఉన్న తన ఓడ వైపు చూస్తున్నాడు. అటు పొగమంచు కమ్ముకొస్తోంది. చేపల్ని వదిలేస్తే త్వరగా వెళ్లొచ్చు, కానీ అవే అతని కూలి. ఆ టెన్షన్ మనకీ పట్టుకుంటుంది. నానీ అందం కాదనను, నా ఓటు మాత్రం ఈ జాలరికే.