నెల్లూరు ఆటోనగర్ డెంటింగ్ షెడ్లు: ఆపిన కారుకు సొట్ట పడితే

ట్రంక్ రోడ్డు పక్కన ఆపిన కారును ఎవరో గుద్దిపోతే, ఆటోనగర్ షెడ్లకు వెళ్లడం మంచిదే. సొట్టలు లాగడంలో చెయ్యి తిరిగినవాళ్లున్నారు. చిక్కంతా బంపర్ దగ్గరే. పైకి గీతే కనిపిస్తుంది. విప్పితే లోపల క్లిప్పులు, పక్క బ్రాకెట్ విరిగి ఉంటాయి. అవి మార్చకుండా స్క్రూ బిగించి పంపితే కొన్నాళ్లకే అంచు ఊడి వేలాడుతుంది. అందుకే దగ్గరుండి విప్పించండి.

రేకు మీద పుట్టీ (గుంతలు పూడ్చే ముద్ద) మందంగా మెత్తనివ్వకండి. ముందు సొట్ట లాగాలి, తర్వాత పుట్టీ పల్చగా, దానిపైన ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత. రేకు బయటపడ్డచోట ప్రైమర్ ఎగ్గొడితే, మన సముద్రపు గాలికి రంగు కింద తుప్పు బుడగల్లా లేస్తుంది. రంగు కలిసిందో లేదో ఎండలో చూడండి, ట్యూబులైటు కింద కాదు.

ఇన్సూరెన్స్ వాడాలంటే సర్వేయర్ (నష్టం అంచనా వేసేవాడు) చూసేదాకా పని మొదలెట్టనివ్వద్దు. ఫొటోలు, దొరికితే గుద్దిన బండి నంబరు ముందే తీసుకోండి. తప్పు మనది కాకపోయినా, సొంత పాలసీ మీద క్లెయిమ్ చేస్తే మామూలుగా నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. 1500 సీసీ లోపు కారుకు కనీసం 1,000 రూపాయలు చేతి నుంచి పడతాయి. జీరో డెప్ (భాగాల అరుగుదలకు కోత పెట్టని అదనపు కవర్) లేకుంటే ప్లాస్టిక్ భాగాల ధరలో సగం కూడా మనదే. చిన్న గీతకైతే షెడ్డు బిల్లు కట్టుకోవడమే నయం.